రీడ్ ఎర్రర్: తప్పు డిస్కుదేనా?

పాత కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ వేస్తున్నారు. భాష, గడియారం, పాస్‌వర్డ్ అన్నీ ఎంచుకోవడం అయిపోయింది. ఫైళ్లు కాపీ అవుతున్నాయి. సగం దాటాక గీత ఒకచోట ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదలదు. కేసు లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. చివరికి తెర మీద ఓ సందేశం: ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, నంబరు 5.

ఇదే సందర్భంలో ఉబుంటు ఇన్‌స్టాలర్ ఏళ్ల తరబడి చూపించిన సందేశంలో కొన్ని సలహాలు కూడా ఉండేవి. సీడీని శుభ్రం చేసి చూడండి, తక్కువ వేగంతో మళ్లీ రాసి చూడండి, హార్డ్ డిస్క్ పాతబడి మార్చాల్సిన దశకు వచ్చిందేమో గమనించండి, కంప్యూటర్‌ను చల్లటి చోటికి మార్చండి. ఒకే లోపానికి ఇన్ని మందులెందుకంటే, లోపం ఎక్కడుందో ఆ క్షణంలో ఇన్‌స్టాలర్‌కు తెలియదు. అడిగిన డేటా రాలేదన్నంతవరకే దానికి తెలుసు. ఎందుకు రాలేదో మనమే వెతకాలి.

చాలామంది ఆ వెతుకులాట జోలికి పోరు. "డిస్క్ పోయింది, కొత్తది వేయించండి" అన్న తీర్పు ముందే వచ్చేస్తుంది. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. కానీ పెన్‌డ్రైవ్‌లో లోపం, వదులైన కేబుల్, పాడైన ర్యామ్ కూడా తెర మీద అదే సందేశం పుట్టిస్తాయి. వాటిని వరసగా ఒక్కొక్కటే తోసిపుచ్చుకుంటూ పోతే బాగున్న డిస్కును పారేయాల్సిన పనీ ఉండదు, చెడిన డిస్కును నమ్మి ఫొటోలు పోగొట్టుకునే గతీ పట్టదు.

ఈ సంగతి ఇప్పుడు చాలా ఇళ్లకు అవసరమైంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు, కొంత కొత్తతరం ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ వాటిలో దాదాపు ఎనిమిదో తరం నుంచే కుదురుతుంది. అంతకు ముందు కొన్న యంత్రాలు పనిచేస్తూనే ఉన్నా దారి మూసుకుపోయింది. కోనసీమలో గౌతమీ గోదావరి గట్టున ఉన్న వాడపల్లిలో గానీ, పూతరేకుల ఆత్రేయపురంలో గానీ, లొల్ల లాకుల దగ్గర గానీ బిల్లులు కొట్టడానికో పిల్లల చదువుకో కొన్న కంప్యూటర్లకు ఇక మిగిలిన మంచి దారి లినక్సే. దానికి డబ్బు కట్టక్కర్లేదు, తక్కువ మెమరీతోనూ నడుస్తుంది. తెలుగువాళ్లకు ఇది అరువు సరుకు కూడా కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసింది. సీ-డాక్ రూపొందించిన 'బాస్ లినక్స్'లోనూ తెలుగు ఉంది. అయితే ఆ పాత యంత్రాల్లో ఎక్కువ వాటిలో ఉన్నది ఏళ్ల తరబడి తిరిగిన హార్డ్ డిస్క్. కొత్త సిస్టమ్ వేసే రోజే దానికి అసలైన పరీక్ష.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా నునుపైన పళ్లేలు ఉంటాయి. వాటి మీద పల్చటి అయస్కాంత పూత. డెస్క్‌టాప్ డిస్కుల్లో చాలావాటి పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. మూడున్నర అంగుళాల డిస్క్ పళ్లెం అడ్డుకొలత 95 మిల్లీమీటర్లు కాబట్టి, దాని అంచు గంటకు సుమారు 129 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ పరుగు పుట్టించే గాలి పొర మీద చదివే తల తేలుతుంది. తలకూ పళ్లేనికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. దుమ్ము రేణువు అడ్డొచ్చినా, నడుస్తుండగా కంప్యూటర్ బల్ల మీంచి జారినా, కరెంటు పోతూ వస్తూ ఉన్నా పూత మీద గాటు పడవచ్చు, లేదా రాస్తున్న ముక్క సగంలో ఆగిపోవచ్చు.

డేటాను పళ్లెం మీద సెక్టార్లుగా రాస్తారు. పాత డిస్కుల్లో సెక్టారుకు 512 బైట్లు. 2011 ప్రాంతం నుంచి వచ్చిన డిస్కుల్లో చాలావాటికి 4096. ప్రతి సెక్టారుకూ అసలు డేటాతో పాటు అదనంగా కొన్ని బైట్లు రాస్తారు. 512 బైట్ల సెక్టారుకు అవి 50 వరకు, 4096 బైట్ల సెక్టారుకు 100 వరకు ఉంటాయి. లోపాల్ని సరిదిద్దే సంకేతాలు ఇవే. వీటి పని ఎలాంటిదో తెలుగు పద్యం తెలిసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. తాళపత్రంలో ఉత్పలమాల పాదం ఒకటి పురుగు కొట్టి రెండక్షరాలు పోయాయనుకుందాం. పాదానికి 20 అక్షరాలని, భ ర న భ భ ర వ గణాలని, పదో అక్షరం యతి అని, రెండో అక్షరం ప్రాస అని పరిష్కర్తకు తెలుసు. ఆ నియమాలే పోయిన అక్షరం గురువా లఘువా, ఏ హల్లు ఉండాలి అన్నది పట్టిస్తాయి. నియమం ఎంత గట్టిదైతే పోయినదాన్ని అంత నమ్మకంగా పూరించవచ్చు. పాదమంతా తినేస్తే మాత్రం ఛందస్సు కూడా ఏమీ చేయలేదు. డిస్కులోనూ అంతే. కొన్ని బిట్లు చెడితే సంకేతాలు గణితంతో వాటిని తిరిగి రాబడతాయి, వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. హద్దు దాటి చెడితేనే రీడ్ ఎర్రర్ బయటికొస్తుంది.

ఈ గణితం వెనక తెలుగువాడి చేయి కూడా ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, 1947లో 'ఆర్థోగోనల్ అరేలు' అనే పట్టికల మీద ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. పొలాల్లో, కర్మాగారాల్లో తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలుసుకోవడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. ఆ పట్టికలూ లోపాల్ని సరిదిద్దే సంకేతాలూ గణితంలో ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ అని తర్వాత తేలింది. సంకేత శాస్త్రంలో ఆయన పేరుతో 'రావు హద్దు' నేటికీ ఉంది. అదే సంస్థలో ఆయనతో పాటు పనిచేసిన రాజచంద్ర బోస్ తర్వాత అమెరికా వెళ్లి, తన శిష్యుడు రాయ్‌చౌధురితో కలిసి 1960లో కొత్త సంకేతాలను కనుగొన్నారు. అంతకు ఏడాది ముందే ఫ్రాన్స్‌లో హోకెన్‌గెమ్ విడిగా అదే చోటికి చేరారు. బోస్, చౌధురి, హోకెన్‌గెమ్ పేర్ల మొదటి అక్షరాలతో వాటిని బీసీహెచ్ సంకేతాలంటారు. 1960లోనే వచ్చిన రీడ్-సాలమన్ సంకేతాలదీ ఆ కుటుంబమే. హార్డ్ డిస్కులు చాలా ఏళ్లు వాటి మీదే నడిచాయి.

సంకేతాలతోనూ సెక్టారు దారికి రాకపోతే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. పళ్లెం ఇంకో చుట్టు తిరిగి రాగానే మళ్లీ చదువుతుంది, తలను కాస్త పక్కకు జరిపి చదువుతుంది, పదేపదే ప్రయత్నిస్తుంది. ఇళ్లలో వాడే డిస్కుల్లో ఈ పట్టుదల ఒక్కోసారి నిమిషం దాకా సాగుతుంది. లినక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి, జవాబు రాకపోతే డిస్కుతో లింకును తెంచి మళ్లీ కలుపుతుంది. ఇన్‌స్టాలర్ గీత బిగుసుకుపోయేది ఈ పెనుగులాటలోనే. చదవలేకపోయిన సెక్టారును డిస్క్ తన చిట్టాలో 'పెండింగ్' అని రాసుకుంటుంది. తర్వాత ఎవరైనా ఆ చోట కొత్త డేటా రాస్తే అప్పుడు పరీక్షిస్తుంది. బాగుంటే పెండింగ్ చిట్టా నుంచి తీసేస్తుంది, లేకపోతే ముందే దాచిపెట్టుకున్న అదనపు సెక్టార్లలో ఒకదాన్ని దాని స్థానంలో పెడుతుంది.

వెతుకులాట మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ డిస్కులో అవసరమైన ఫొటోలు, దస్తావేజులు ఉంటే ఇన్‌స్టాలేషన్ అక్కడితో ఆపేయాలి. బూటబుల్ పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను 'ట్రై' పద్ధతిలో నడిపి, ఇంకో డిస్కు తగిలించి ముందు వాటిని తీసి పెట్టుకోవాలి. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. అది ముందు బాగున్న చోట్లన్నీ గబగబా చదివేసి, మొండికేసిన చోట్లను ఒక మ్యాపు ఫైల్లో గుర్తు పెట్టుకుని, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద ఫైల్ సిస్టమ్‌ను బాగుచేసే ప్రోగ్రాములు నడపకూడదు, ఉన్న కాస్త ఊపిరీ పోతుంది. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందన్న చిట్కా కోనసీమలో మరీ ప్రమాదం. చల్లబడ్డ లోహాన్ని తేమ గాలిలోకి తీస్తే నీరు పడుతుంది. దాని మీదే కరెంటు పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న: చదవనని మొరాయించింది ఎవరు? టెర్మినల్ తెరిచి 'డీమెసేజ్' (dmesg) అనే ఆదేశం ఇస్తే కెర్నల్ రాసుకున్న చిట్టా కనిపిస్తుంది. ఎర్రర్ ఉన్న వరసలో పరికరం పేరు ఉంటుంది. లోపలి డిస్కు ఎక్కువగా ఎస్‌డీఏ, పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ అవుతాయి, కానీ ఒక్కోసారి తారుమారు కావచ్చు. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' ఆదేశంతో సైజులు చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. ఈ చిన్న తనిఖీ దగ్గరే చాలా కేసులు తేలిపోతాయి. ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవడం ఎక్కువగా జరిగేది పెన్‌డ్రైవ్ నుంచి, హార్డ్ డిస్కు మీద జరిగేది ఎక్కువగా రాయడం. చిట్టాలో 'స్క్వాష్‌ఎఫ్‌ఎస్' అన్న మాట కనిపిస్తే అనుమానం పెన్‌డ్రైవ్ మీదికి మళ్లాలి. ఉబుంటు, దాని సోదరులు సిస్టమ్ మొత్తాన్ని ఆ రూపంలోనే కుదించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుతాయి.

పెన్‌డ్రైవ్ విషయంలో రెండు సంగతులు చూడాలి. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ లెక్కగట్టి, ప్రచురించిన 64 అక్షరాల వరసతో పోల్చాలి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. అది సరిపోతే పెన్‌డ్రైవ్‌కు రాసిన కాపీని పరీక్షించాలి. ఉబుంటు 20.04 నుంచి బూట్ అవుతూనే ఈ తనిఖీ తనంతట తానే చేస్తోంది. డెబియన్ ఇన్‌స్టాలర్ మెనూలో దానికో వరస ఉంటుంది. సంతల్లో చవగ్గా దొరికే పెన్‌డ్రైవ్‌లలో కొన్ని ఉన్నదానికన్నా ఎక్కువ సామర్థ్యం చెప్పుకుంటాయి. హద్దు దాటాక రాసింది రాసినట్టే పోతుంది. 'ఎఫ్3' అనే ఉచిత ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌ను నింపి, తిరిగి చదివి ఆ మోసాన్ని బయటపెడుతుంది.

ఒకే ఫైలుకు రెండుసార్లు లెక్కగడితే రెండు వేర్వేరు వరసలు వచ్చాయంటే, అనుమానం ర్యామ్ మీదికి వెళ్లాలి. డేటా ఎక్కడి నుంచి వచ్చినా ర్యామ్‌లోనే కాసేపు నిలబడాలి కదా. మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రంతా నడిపితే సంగతి తేలుతుంది. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్కువే. ర్యామ్ స్టిక్కులు తీసి, కాంటాక్టులు శుభ్రం చేసి, ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి.

చిట్టాలో లోపలి డిస్కు పేరే కనిపిస్తే ఇక డిస్కునే అడగాలి. 1990ల నుంచీ డిస్కులు 'స్మార్ట్' అనే పద్ధతిలో తమ ఆరోగ్యం తామే రాసుకుంటున్నాయి. 'స్మార్ట్‌సీటీఎల్' అనే ప్రోగ్రాము దాన్ని చదివి చూపిస్తుంది. పైన కనిపించే 'పాస్డ్' అన్న మాట చూసి గుండె మీద చేయి వేసుకోకూడదు. చెడిన డిస్కులు కూడా ఆ మాట చెబుతుంటాయి. చూడాల్సినవి కింది అంకెలు. 5వ నంబరు ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, 197 పెండింగ్‌లో ఉన్నవి, 198 పరీక్షల్లో చదవలేకపోయినవి. ఈ మూడూ సున్నా అయి 199 మాత్రమే పెరుగుతుంటే పళ్లెం బాగున్నట్టే లెక్క. 199 చెప్పేది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిన డేటా గురించి. అంటే తప్పు సాధారణంగా సాటా కేబుల్‌దో, దాని కాంటాక్టులదో. కెర్నల్ చిట్టా కూడా ఈ తేడా చెబుతుంది: పళ్లెం చెడితే 'యూఎన్‌సీ' అని, దారి చెడితే 'ఐసీఆర్‌సీ' అని రాస్తుంది. కేబుల్ మార్చాక 199 తగ్గదు, అది ఎప్పటికీ వెనక్కి రాని లెక్క. అక్కడే ఆగిపోయిందా లేదా అన్నదే చూడాలి.

ఈ కేబుల్ సంగతి కోనసీమ వాళ్లకు మిగతా వాళ్లకన్నా ఎక్కువ అవసరం. 2016లో రట్గర్స్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి తొమ్మిది డేటా కేంద్రాల్లోని పది లక్షలకు పైగా డిస్కులను పరిశీలించి ఓ పత్రం ప్రచురించారు. డిస్కులను వేడి చంపుతుందని అందరూ అనుకుంటారు, కానీ వాళ్లు చూసిన కేంద్రాల్లో గాలిలో తేమ ప్రభావమే ఎక్కువగా కనబడింది. ఆ తేమ ఎక్కువగా దెబ్బతీసింది పళ్లేలను కాదు, డిస్కులను కలిపే కంట్రోలర్లను, అడాప్టర్లను. వాడపల్లి చుట్టూ నది, కాలువలు, కొబ్బరితోటలు. ఏడాదిలో చాలా నెలలు గాలి తడిగానే ఉంటుంది. సాటా డేటా కేబుల్‌లో ఉండేవి ఏడు సన్నటి లోహపు పట్టీలు, అవి కేవలం ఒత్తిడితో ఆనుకుని ఉంటాయి. వాటి మీద పల్చటి తుప్పు పొర చేరినా సంకేతం తడబడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో రీడ్ ఎర్రర్ వస్తే కరెంటు ప్లగ్గు పీకి, కేబుల్‌ను రెండు వైపులా ఊడదీసి, మళ్లీ గట్టిగా బిగించడం తప్పనిసరిగా చేయాల్సిన తొలి పనుల్లో ఒకటి. కొత్త కేబుల్ కొన్నా డిస్కు ధరతో పోలిస్తే ఖర్చు స్వల్పం. డిస్కుకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ వైరును కూడా అలాగే మార్చి చూడాలి. వోల్టేజీ సరిగా అందకపోయినా పళ్లెం వేగం కుదురుకోక టిక్కు టిక్కులు వినిపిస్తాయి.

తేమ లోపలికి ఎలా వెళ్తుందన్న సందేహం రావచ్చు. మామూలు హార్డ్ డిస్క్ పూర్తిగా మూసిన పెట్టె కాదు. లోపలి, బయటి గాలి పీడనం సమానంగా ఉండటానికి దానికి ఫిల్టరు ఉన్న ఓ చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని మూయవద్దని పైనే రాసి ఉంటుంది. వరద నీళ్లలో మునిగిన డిస్కు ఎండబెట్టినా పనిచేయకపోవడానికి ఓ కారణం ఇదే. 2022 జులైలో గోదావరి పోటెత్తి కోనసీమ లంకలను ముంచినట్టు నీళ్లు ఇంట్లోకి వస్తే, కంప్యూటర్‌ను అటక మీదికి చేర్చడం కన్నా అందులోని ఫొటోల ఇంకో కాపీ ముందే వేరే ఊళ్లో ఉండటం మేలు.

కేబుల్ మార్చాక కూడా 5, 197, 198 అంకెలు ఉంటే పళ్లెమే చెడిందని ఒప్పుకోవాలి. అప్పుడు స్మార్ట్ సుదీర్ఘ పరీక్ష పెట్టాలి. ఒక టెరాబైటు డిస్కుకు అది కొన్ని గంటలు పడుతుంది, పళ్లెం మొత్తం చదువుతుంది, ఎక్కడైనా ఆగితే ఆ సెక్టారు నంబరు రాస్తుంది. డేటా అంతా బయటికి తీసేశాక డిస్కు మొత్తం సున్నాలు రాస్తే పెండింగ్ సెక్టార్లు ఏదో ఒకటి తేలిపోతాయి. కరెంటు పోయి సగంలో ఆగిన రాత వల్ల చెడినవైతే మామూలుగా మారతాయి, పూత పోయినవైతే అదనపు సెక్టార్లు వాటి స్థానంలోకి వస్తాయి. తర్వాత మళ్లీ సుదీర్ఘ పరీక్ష. అంకెలు కదలకుండా నిలబడితే లినక్స్ వేసి వాడుకోవచ్చు, కానీ ఒక్కగానొక్క కాపీని అందులో ఉంచకూడదు. వారానికోసారి పెరుగుతూ పోతుంటే ఆ డిస్కు పని అయిపోయింది. అదే సాటా పోర్టుకు సరిపోయే చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే పాత యంత్రం కొత్తదానిలా లేస్తుంది.

ఇంత కటువుగా చెప్పడానికి ఆధారం ఉంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. పళ్లెం తనిఖీలో తొలి లోపం బయటపడిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, లోపం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పత్రంలో ఇంకో లెక్క కూడా ఉంది: పాడైన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను మినహాయిస్తే, స్మార్ట్ చిట్టాలో ఏ హెచ్చరికా లేకుండానే పోయాయి. కాబట్టి అంకెలన్నీ సున్నా ఉన్న డిస్కు మీద లినక్స్ హాయిగా వేసుకున్న ఇంటికి కూడా రెండు పనులు మిగిలి ఉంటాయి. ఒకటి, స్మార్ట్‌డీ అనే సేవను ఆన్ చేసి పెట్టుకోవడం. అది వెనకాలే నడుస్తూ డిస్కు అంకెలను చూస్తూ, కొత్త లోపం కనిపించగానే కబురు పెడుతుంది. రెండు, పెళ్లి ఫొటోలు, పట్టాలు, సర్టిఫికెట్లు బయటి డిస్కులోకి కాపీ చేసి, రాజమహేంద్రవరంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచి, ఏటా సంక్రాంతికి వాళ్లు ఊరొచ్చినప్పుడు దాన్ని కొత్త ఫైళ్లతో నింపి పంపడం.